చివరి పేజీ పంతుళ్లు

అమీర్‌పేటలో మా ఇంటి పెద్ద సావిట్లో ఒకప్పుడు మగ్గాలు ఆడేవి. మిల్లు బట్ట వచ్చి మగ్గాలు మూలపడ్డాక, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటేడు, ఆ సావిట్లో పంతుళ్లకు చదువు చెప్పడం నేర్పే తరగతి పెట్టారు. నేర్పేవాడు మార్కండేయులు. మా పద్మశాలి కులంవాడే, సిద్దిపేట వైపు మనిషి. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు చుట్టుపక్కల వీధిబడుల పంతుళ్లు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ నా నోటికి తిట్లే వస్తాయి.

ముక్కుపొడుం మరకల కండువాలు. నెల తిరక్కుండానే మా గోడల నిండా ఆకువక్క ఉమ్ము. పిల్లల చెవులు మెలిపెట్టి కాయలు కాసిన వేళ్లు. వాళ్లకు తెలిసిన చదువల్లా అరుపే. "కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని తాము అరిచి పిల్లల చేత అరిపించడం. ఏడాదంతా అరిచిన పిల్లవాడికి పలక మీద ఒంటరిగా ఒక 'కి' రాసి చూపిస్తే దిక్కులు చూసేవాడు.

ఇంకో అలవాటు ఇంతకన్నా రోత. వాచకం పూర్తయిందంటే పిల్లలు ఇంటివాళ్ల ముందు చివరి పేజీ చదవాలి. అది విని తల్లిదండ్రులు పంతులుకు పంచె పెట్టాలి. పంతులు పంచె పుచ్చుకున్నాడా, చదువు అయిపోయినట్టే. మరునాటి నుంచి పిల్లలు పనికి పోవలసిందే. అందుకని వీళ్లు పుస్తకమంతా గాలికి వదిలేసి చివరి పేజీ ఒక్కటే బట్టీ పట్టించేవాళ్లు. దాన్నే విద్యాదానం అనేవాళ్లు కూడా. సిగ్గుండాలి!

మార్కండేయులు ఆ మనుషులను మార్చగలనని నమ్మాడు. "ముందు చప్పుడు వినాలె, తర్వాత అక్షరం చూడాలె, ఆనక రెండూ కలపాలె" అని చెప్పేవాడు. ప అంటే పెదవులు ఎలా కలుస్తాయో, ల అంటే నాలుక ఎక్కడ తగులుతుందో ఆ ముసలి పంతుళ్ల చేత పలికించి చూపించేవాడు. ప, ల, క వస్తే చాలు, గుణింతం దాకా ఆగకుండా అప్పుడే పలక, కల, పకపక చదివించవచ్చని చేసి చూపేవాడు. పంతుళ్లలో పెద్దవాడు బుచ్చయ్య. ఎదురుగా "మీరు దేవుడు సారూ" అనేవాడు. పక్కకు తిరిగి "సాలోడు మనకు నోరు తెరుసుడు నేర్పుతుండు" అని కిసుక్కున నవ్వేవాడు.

పాఠం చెప్పి చూపడానికి వీధి పిల్లలు కొందరు వచ్చేవాళ్లు. వాళ్లలో పోచమ్మ ఒకతి. తల్లి మంగవ్వ పంజాగుట్టలో రాళ్లు కొట్టేది. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన వాడ వాళ్లది. గడప బయట కూర్చున్న ఆ పిల్లను మార్కండేయులు లోపలికి పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఇద్దరు పంతుళ్లు లేచిపోయి స్నానాలు చేసి వచ్చారు. థూ, ఏం బతుకులు!

ఒకనాడు పోచమ్మ మా పక్క కట్టెల అడితి గోడ మీది సుద్ద రాత ముందు ఆగిపోయింది. "క... ల... ప... సారూ, గిది కలప!" అని ఎగిరింది. రోజూ నడిచే దారిలో ఆ గోడ తనతో మాట్లాడినందుకు ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "ఇంకొక్క ఏడు నా దగ్గరుంటే ఈ పిల్ల ఏ పుస్తకమిచ్చినా చదువుతది. నాకు గంతే చాలు" అన్నాడు మార్కండేయులు నాతో.

అంతలో ఆయనకు చలిజ్వరం పట్టుకుంది. తరగతి బుచ్చయ్య చేతికి పోయింది. తనిఖీ సాహెబు వస్తున్నాడని కబురు అందింది. మార్కండేయులు మంచం దిగి వచ్చేసరికి తనిఖీ రోజు రానే వచ్చింది.

సాహెబుకు తెలుగు అంతంతమాత్రం. పిల్లలు లేచి నిలబడి వాచకంలోని చివరి పేజీ గుక్క తిప్పుకోకుండా చదివారు. సాహెబు తల ఊపుతున్నాడు. ఆయన వెనక నిలబడి బుచ్చయ్య తొడ మీద తాళం వేస్తున్నాడు. అది మార్కండేయులు చూశాడు. నల్లబల్ల మీద 'వల' అని రాసి పోచమ్మను చదవమన్నాడు. పోచమ్మ బల్ల వైపు చూడనే లేదు. బుచ్చయ్య పెదవుల వైపు చూసి, చివరి పేజీని మళ్లీ మొదటి నుంచి అందుకుంది.

"షాబాష్!" అన్నాడు సాహెబు.

ఇది చదవడం కాదని, బట్టీ అని మార్కండేయులు ఉర్దూలో మొత్తుకున్నాడు. "నా చెవులతో నేనే విన్నాను, ఇంకేం కావాలి?" అని సాహెబు నవ్వి, తరగతి భేషుగ్గా ఉందని సంతకం పెట్టి భోజనానికి లేచాడు. పంతుళ్లు విస్తళ్ల దగ్గర ఒకరినొకరు తోసుకున్నారు.

బుచ్చయ్య నెయ్యి కారుతున్న చేత్తోనే వచ్చాడు. "ఫికర్ జేయకున్రి సారూ. మీ ఇజ్జత్ కాపాడినం."

"పిల్లల నోట్ల మన్ను కొట్టిన్రు గదయ్యా!" అన్నాడు మార్కండేయులు. అన్నం ముట్టలేదు.

మరునాడు పొద్దున్నే మంగవ్వ పోచమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో కొత్త పంచె. "సాహెబే మెచ్చుకున్నడంట గద సారూ. నా బిడ్డ సదువు అయిపాయె. బుచ్చయ్య పంతులుకు గాదు, మీకే దెచ్చిన."

"పిల్లకు సదువు ఇంకా రాలే మంగవ్వా. ఒక్క ఏడు నా దగ్గర ఉంచు."

"సర్కారు సాహెబు అచ్చిందంటె మీరు రాలేదంటరా?"

"రాలే. ఆ పంచె తీసుకపో."

మంగవ్వ మొహం పాలిపోయింది. తన చేతుల వైపు చూసుకుంది. "మేం ముట్టిందని వద్దంటున్నరా? పంతుళ్లందరు గట్లనే అంటరు. మీరు సుత అంటరనుకోలే."

"అది గాదు మంగవ్వా..." అన్నాడాయన. ఆమె అప్పటికే కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. పోచమ్మ తల్లి మొహం చూసి బిక్కచచ్చి నిలబడింది.

మార్కండేయులు రెండు చేతులూ చాచి పంచె పుచ్చుకున్నాడు. కళ్లకు అద్దుకున్నాడు. మంగవ్వ ఏడుపులోనే నవ్వి, బిడ్డ చేత ఆయన కాళ్లకు మొక్కించింది. ఆ పూట నుంచే పోచమ్మ తల్లి వెంట రాళ్లకు పోయింది.