వ్యూఫైండర్లో మచ్చ

మూఢం వచ్చిందంటే మా కర్నూలు ఫోటోగ్రాఫర్లకు పనుండదు. పెళ్లిళ్లు ఆగిపోతాయి, గృహప్రవేశాలు ఆగిపోతాయి. ఆ రోజుల్లో లెన్సులు తుడుచుకుంటూ, మిగిలిపోయిన ఆల్బముల పని చూసుకుంటూ, మధ్యాహ్నం పూట పెద్దాయన స్టూడియోలో చేరతాం. పెద్దాయన అని ఇక్కడ రాస్తున్నాను గానీ, అందరం ఆయన్ని 'అన్నా' అనే పిలుస్తాం. వయసు అరవై దాటింది. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆడపిల్లకు ఈ పనేమిటని మా ఇంట్లో అడ్డం తిరిగినప్పుడు, పెళ్లికూతురి గదిలోకి మగవాడు పోవడం కంటే మీ పాప పోవడం మేలు కదా అని మా నాన్నతో వాదించి ఒప్పించింది కూడా ఆయనే.

ఆ ఎండాకాలం మూఢంలో ఒకరోజు డోన్ నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. వరసకు కాదు, వృత్తిలో తమ్ముడు. సంచిలోంచి మెత్తటి గుడ్డ చుట్టిన కెమెరా తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడే వచ్చిన మోడల్. కర్నూల్లో ఇంకా ఎవరి చేతిలోనూ చూడలేదు.

చూస్తే మాత్రం కొత్తదనిపించలేదు. పైభాగం వెండిరంగు, కింద నల్లటి తోలులాంటి తొడుగు. షట్టర్ స్పీడుకు ఒక చక్రం, ఐఎస్ఓకు ఒక చక్రం, వాటి మీద చెక్కిన అంకెలు. నేను పుట్టకముందు రీలు కెమెరాలు ఎట్లా ఉండేవో అచ్చం అట్లా ఉంది. లోపల మాత్రం వాటిలో ఉండే అద్దం లేదు. వ్యూఫైండర్‌కు కన్ను ఆనిస్తే కనబడేది చిన్న తెర.

మాతో పాటు రోజూ వచ్చి కూర్చునే వీడియో ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందప్పా ఇది, మీ తాత పెట్టెలోంచి ఎత్తుకొచ్చినావా? పట్టుకునేకి గ్రిప్పు యాడుండాది? పెద్ద లెన్సు తగిలించి మూడు గంటలు నిలబడితే మణికట్టు పడిపోతాది."

"బరువు తక్కువన్నా," అన్నాడు తమ్ముడు. "పెద్ద కెమెరా చూస్తే పెండ్లికూతుర్లు బిగుసుకుపోతారు గదా. దీన్ని చూసి నవ్వుతాండారు."

నేను కూడా పట్టుకుని చూశాను. చక్రం తిప్పుతుంటే వేలికి తగిలే గట్టిదనం నచ్చింది. షట్టర్ చప్పుడు మాత్రం నచ్చలేదు, అగ్గిపుల్ల విరిచినంత సన్నగా ఉంది. వీడియో ఆయన ముఖం వైపు తిప్పితే తెర మీద ఒక చిన్న చదరం ఎగిరి ఆయన కంటి మీద కూర్చుంది. ఆయన తల తిప్పితే అదీ తిరిగింది.

"కన్ను యాడుండేదీ అదే ఎతుక్కుంటాదక్కా," అన్నాడు తమ్ముడు.

కెమెరా పెద్దాయన చేతికిచ్చాను. ఆయన దానివైపు చూడను కూడా చూడలేదు. బొటనవేలు దానంతటదే చక్రం దగ్గరికి పోయింది, ఎడమ చెయ్యి లెన్సు కిందికి పోయింది. "ఇరవై ఏండ్ల పైనే ఆయ, ఇట్లాంటిది చేతికొచ్చి," అన్నాడు మెల్లగా. కుడికన్ను ఆనించి కిటికీ వైపు పెట్టాడు. కాసేపు అట్లాగే ఉన్నాడు. తర్వాత దించి, వ్యూఫైండర్ గాజును చొక్కా అంచుతో తుడిచాడు. మళ్లీ చూశాడు. మళ్లీ తుడిచాడు.

"దీంట్లో గూడా మచ్చ ఉండాదే," అన్నాడు.

"యాడన్నా?" అన్నాడు తమ్ముడు.

"నట్టనడుమ. బూడిదరంగుది. ఆ కిటికీ కడ్డీలు గూడా వంకర పోతాండాయి. లెన్సు మంచిది కాదప్పా."

తమ్ముడి ముఖం చిన్నబోయింది. తీసుకుని చూశాడు. మచ్చ లేదు. వీడియో ఆయన చూశాడు, నేను చూశాను. తెర కడిగినట్టు ఉంది, కడ్డీలు నిట్టనిలువుగా ఉన్నాయి. తమ్ముడు కెమెరా ఆపి, మళ్లీ వేసి, తిరిగి ఆయనకిచ్చాడు. ఆయన చూసి తల అడ్డంగా ఊపాడు. చివరికి తమ్ముడే, "ఒకవేళ ఉంటే మార్చుకుంటాలే అన్నా," అని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

నాకు మాత్రం ఆ 'గూడా' అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. అంతకుముందు నాలుగు నెలల్లో ఆయన తన కెమెరాను రెండుసార్లు సర్వీసుకు పంపాడు, వ్యూఫైండర్లో దుమ్ము చేరిందని. రెండుసార్లూ ఏ లోపమూ లేదని వెనక్కి వచ్చింది. ఆయన తీసిన ఫోటోలను కంప్యూటర్లో ఏరే పని నాది. ఆ నాలుగు నెలల్లో ఫోకస్ కంటి మీద పడకుండా చెవి మీద, పూలదండ మీద పడినవి చాలా వచ్చాయి. కంట్లో మెరుపు లేకపోతే అది ఫోటోనే కాదని నాకు నేర్పిన మనిషి ఆయన. వయసు మీద పడింది, చెయ్యి వణుకుతోంది కాబోలు అనుకుని వాటిని చప్పుడు చేయకుండా తీసేస్తూ వచ్చాను. ఆయనకు చెప్పలేదు.

వాళ్లిద్దరూ టీకి దిగిపోయాక గోడకున్న తెలుగు క్యాలెండర్ ముందు ఆయన్ని నిలబెట్టాను.

"అన్నా, ఎడమకన్ను చేత్తో మూసుకో. కుడికంటితో ఆ గళ్లు చూడు."

"ఎందుకు?"

"ఊరికే. చూడు."

చూశాడు. చాలాసేపు చూశాడు. తల కొంచెం పక్కకు తిప్పాడు, మళ్లీ నేరుగా పెట్టాడు.

"నడుమ గళ్లు ల్యావు పాపా," అన్నాడు. "చుట్టూ ఉండేవి లోపలికి వంగినాయి. పద్నాలుగు, పదహైదు తేదీలు కనపడల్యా."

కుడికన్ను మూసి ఎడమకంటితో చూస్తే అన్నీ ఉన్నాయి. చెయ్యి దించి కుర్చీలో కూర్చున్నాడు. నేను ఆరోజే కంటి ఆస్పత్రికి పోదామన్నాను.

"రాజంపేట పెండ్లి ఒప్పుకున్నా. ఆ పిల్ల నాయన పెండ్లి గూడా నేనే తీసినా. అది అయినాక పోదాం. వదినకు చెప్పొద్దు, ఎవరికీ చెప్పొద్దు."

"ఇంకా పదకొండు దినాలుండాది అన్నా."

"పదకొండు దినాల్లో ఏమైతాది?"

ఏమవుతుందో నాకూ తెలియదు. సరేనన్నాను. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

మరునాడు ఆయన డోన్ తమ్ముడికి ఫోన్ చేసి ఆ కెమెరా ఒక పెళ్లికి ఇవ్వమని అడిగాడు. మచ్చ ఉందన్న మనిషే అడుగుతున్నాడని తమ్ముడు ఆశ్చర్యపోయాడు గానీ తెచ్చి ఇచ్చాడు. "కండ్లు అదే పట్టుకుంటాదంట గదా. ఇంగ నాకు కష్టమేముండాది," అన్నాడు పెద్దాయన నాతో. ఎడమకంటితో తీయమని నేను చెప్పాను. రోజూ స్టూడియోలో ప్రయత్నం చేశాడు. ఎడమకన్ను పెడితే ముక్కు అడ్డం వచ్చేది, చెయ్యి తిరిగేది కాదు. "ఎడంచేత్తో అన్నం తింటాండట్లుండాది," అనేవాడు.

ఆ పదకొండు రోజులూ నేను ఆయన్ని కనిపెట్టుకునే ఉన్నాను. ఒకరోజు ఫ్లాస్కులోని టీని గ్లాసులో కాకుండా పక్కన పోశాడు. అది బల్ల మీద పారి మోకాలికి కారేదాకా ఆయనకు తెలియలేదు. ఇంకోరోజు నేను ఎదురుగా నిలబడితే నా చెవి వైపు చూస్తూ మాట్లాడాడు. నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

మూఢం పోయిన వారానికి రాజంపేట వెళ్లాం. పొద్దున పది గంటలకు ముహూర్తం. నేను పెళ్లికూతురి వైపు, ఆయన మంటపం ముందు. మొదట ఎడమకంటితోనే తీశాడు. జీలకర్ర బెల్లం దగ్గరికి వచ్చేసరికి జనం తోసుకున్నారు, మేళం జోరెక్కింది. ఆ తొందరలో కెమెరా కుడికంటికి పోయింది. ఇక దిగలేదు. గింజను చూసే కోడిలాగ తల కొంచెం పక్కకు వంచి తీస్తున్నాడు. నేను సైగ చేశాను. నా సైగ ఆయనకు కనబడలేదు. తాళి కట్టే సమయానికి నా చోటు వదిలి ఆయన పక్కకు వచ్చి నేనూ తీశాను. అట్లా రావడం మా పద్ధతి కాదు. ఆయన గమనించే ఉంటాడు.

భోజనాల వేళ కల్యాణమంటపంలో ఒక ఖాళీ గదిలో ఆయన కార్డును ల్యాప్‌టాప్‌లో పెట్టాను.

ఫోకస్ తప్పినది ఒక్కటీ లేదు. పెళ్లికూతురి కనురెప్పలు వెంట్రుకతో సహా లెక్కపెట్టవచ్చు. కానీ జీలకర్ర బెల్లం దగ్గరనుంచి తీసిన ప్రతి ఫోటోలో ఆమె ఫ్రేము ఎడమ అంచున ఉంది. పెళ్లికొడుకు భుజం సగం తెగి ఉంది. తలంబ్రాలు ఒక మూల రాలుతున్నాయి. నడుమ ఏముందని చూస్తే మంటపం స్తంభం, వెనక కట్టిన ఎర్ర తెర, ఖాళీ పీట. ఒకటి తర్వాత ఒకటి, నూట యాభై ఫోటోలు అట్లాగే. మచ్చ పక్కనుంచి కనబడిన మనుషులను ఆయన తీశాడు. మచ్చ ఉన్నచోట ఏముందో ఆయనకు తెలియదు.

ఆయన ఎప్పుడు లోపలికి వచ్చాడో నేను చూడలేదు.

"ఎట్లొచ్చినాయి?"

"కండ్లన్నీ షార్ప్‌గా ఉండాయన్నా."

"అది కెమెరా పని. నా పని ఎట్లుండాది?"

ల్యాప్‌టాప్‌ను ఆయన వైపు తిప్పాను. కుర్చీ లాక్కుని కూర్చుని, కుడికన్ను అరచేత్తో మూసుకుని, ఎడమకంటితో తెర చూశాడు. ఒక్కొక్కటే నొక్కమన్నాడు. పది పన్నెండు చూశాక ఆపమన్నాడు.

"నడుమ ఎవురూ ల్యారు," అన్నాడు. "నువ్వు తీసినావు గదా తాళి?" అని అడిగాడు.

"తీసినానన్నా."

"సరే. అయితే వాళ్లకు నీవే ఇయ్యి."

ఆ రాత్రికే కర్నూలు చేరాం. ఆ పెళ్లివాళ్లకు నేను తీసినవే ఆల్బముగా చేసి ఇచ్చాం. వాళ్లు సంతోషంగానే తీసుకున్నారు.

పెళ్లి మరుసటి పొద్దున కంటి ఆస్పత్రికి పోయాం. కంట్లో చుక్కలు వేసి, స్కాను తీసి, డాక్టరమ్మ ఆ బొమ్మను మాకు చూపించింది. పొరలు పొరలుగా ఉన్న కంటి లోపల, నడుమ ఒకచోట బొబ్బలాగ లేచి ఉంది. అక్కడ కొత్తగా పుట్టిన రక్తనాళాలు కారుతున్నాయని చెప్పింది. కంట్లోకే ఇంజెక్షన్ ఇవ్వాలి, నెలకొకటి.

"ఎప్పటినుంచి ఉంది ఈ మచ్చ?"

"ఒక నెల ఉంటాదేమో," అన్నాడు ఆయన.

నాలుగు నెలలని నేను చెప్పాను. ఆయన నావైపు తిరగలేదు. డాక్టరమ్మ పెన్ను బల్ల మీద పెట్టి, "ముందే వచ్చుంటే..." అని, ఆయన ముఖం చూసి ఆ మాట పూర్తి చేయలేదు. ఎడమకంట్లో కూడా అక్కడక్కడా చిన్న మచ్చల్లాంటివి మొదలయ్యాయని, ఇప్పటికి ప్రమాదం లేదని చెప్పింది. గీతలు వంగినట్టున్నా, వెలుతురు తగ్గినట్టున్నా అదేరోజు రావాలని రెండుసార్లు చెప్పింది.

మూడు ఇంజెక్షన్లు అయ్యాక కుడికంట్లో కారడం ఆగింది. మచ్చ పోలేదు. వదినకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని ఆమె ఆయన్ని అడగలేదు, నన్ను అడిగింది. అన్న వద్దన్నాడని చెప్పాను. ఆ జవాబు ఆమెకు చాలలేదు. నిజానికి నాకూ చాలలేదు.

డోన్ తమ్ముడు కెమెరా మార్చుకోలేదు. ఇప్పుడు పెళ్లిళ్లన్నీ దాంతోనే తీస్తున్నాడు. ఇంకో ఇద్దరు కూడా అదే కొన్నారు. పెద్దాయన పెళ్లిళ్లు మానేశాడు. స్టూడియోలో కూర్చుని వచ్చినవాళ్లకు పాస్‌పోర్టు ఫోటోలు ఎడమకంటితో తీస్తాడు. అవి బాగానే వస్తున్నాయి. నేను రోజూ ఒకసారి పోయి వస్తాను.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. పోయిన వారం ఒక మధ్యాహ్నం నేను లోపల ప్రింట్లు కత్తిరిస్తున్నాను. ఆయన వాకిట్లో మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

"పాపా, మబ్బు పట్టిందా?"

కత్తెర పెట్టి బయటికి వచ్చాను. ఒంటిగంట ఎండ. రోడ్డు మీద తారు మెత్తబడింది. ఎదురుగా ఆగిన ఆటో నీడ నల్లగా, అంచులు కోసినట్టు పడి ఉంది. ఆకాశంలో ఎక్కడా మబ్బు తునక లేదు.

"ల్యాదన్నా."

ఆయన కుడికన్ను చేత్తో మూసుకుని ఎదురుగా ఉన్న బట్టలకొట్టు బోర్డు చూశాడు. చాలాసేపు చూశాడు. చెయ్యి దించి, మళ్లీ మూసుకుని చూశాడు. పెదాలు కదులుతున్నాయి. అక్షరాలు చదువుకుంటున్నాడో ఏమో నాకు వినబడలేదు.

"ఆ ఆటో ఆయన్ని పిలువు," అన్నాడు.

షట్టర్ దించి తాళం వేశాను. ఆటోలో ఆయన పక్కనున్న కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. ఆస్పత్రిలో అడిగితే డాక్టరమ్మ భోజనానికి ఇంకా పోలేదని చెప్పారు. నర్సు రెండు కళ్లలోనూ చుక్కలు వేసి, అరగంట కళ్లు మూసుకుని కూర్చోమంది. ఆయన బెంచీ మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. నేను వదినకు ఫోన్ చేసి, ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.