మామిడి చెక్క గిటారు

నూజివీడు బస్టాండులో నా పక్కన కూర్చున్న వడ్రంగి రెండు చిన్న గిటార్లను మార్చి మార్చి మీటుతున్నాడు. ఒకటి కొన్న రోజ్‌వుడ్‌ది, ఇంకొకటి తానే మామిడి చెక్కతో చేసింది.

"నలభై ఏళ్లు గిటారు వాయించిన చెయ్యి ఇది" అన్నాను, అడక్కుండానే.

"అయితే మీరే చెప్పండి బాబాయ్ గారూ. బాగుందంటే ఇంకోటి చేస్తాను. లేదంటే మామిడికాయల పెట్టెలే కొట్టుకుంటాను."

"మామిడి కట్టె చితికి పనికొస్తుంది గానీ పాటకెందుకయ్యా? రోజ్‌వుడ్డే రాజు!"

నవ్వుతాడనుకున్నాను. "అంతేనంటారా అండీ" అని తను చేసినదాన్ని తువ్వాలులో చుట్టి, రెడ్డిగూడెం బస్సెక్కేశాడు.

నేను జన్మలో గిటారు ముట్టుకోలేదు. ఆ రోజు నా చెవికి మామిడిదే తియ్యగా ఉంది. తెలిసినవాడిలా కనబడాలని ఖరీదైనదాన్ని మెచ్చాను.

ఇప్పటికీ ఇంటికి మామిడికాయల పెట్టె వస్తే, మేకులు పీకేముందు దాని చెక్కను వేలితో తట్టి వింటాను.