తూర్పు గోడకు కిటికీ

డెబ్బైల మొదట్లో, ఒరిస్సా కొండల్లో కోరాపుట్‌లో ఇల్లు కట్టిన ఏడాది నాకు బుద్ధి లేదు. ఈ మాట ఇప్పుడు ఎవరి ముందైనా ఒప్పుకుంటాను. వినాల్సిన మనిషే లేదు.

మాది భీమిలి దగ్గర ఊరు. అక్కడ కిటికీకి ఎదురుగా కిటికీ ఉండాలి, ఇటు వచ్చిన గాలి అటు పోవాలి. మా నాన్న అలాగే కట్టాడు. బడిపంతుల్ని కదా, నాకు తెలియనిది ఉండదని నా ధీమా. కొండమీది చలిలో ఆ సముద్రపొడ్డు ఇల్లే కట్టాలనుకున్నాను. ఉత్తరాన, దక్షిణాన నిలువెత్తు కిటికీలు గీసి ఇచ్చాను.

వడ్రంగి అక్కడివాడే. వచ్చీరాని తెలుగులో, "బాబూ, ఉత్తరం పక్క పెద్ద కిటికీ వద్దు. సలి గాలి" అన్నాడు.

"కిటికీల్లేని ఇళ్ళలో ఉండేవాడివి, నాకు చెప్తావా?" అని నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నా భార్య ఆసుపత్రిలో నర్సు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఆమె అడిగింది ఒక్కటే.

"ఏటండీ, నా మంచం పక్కన తూర్పు గోడకి ఒక్క సిన్న కిటికీ పెట్టించండి. అద్దం బిగించీసి వదిలీండి, తెరవక్కర్లేదు. ఆయాసం ఉన్నోళ్ళని వార్డులో ఎండ పక్కనే పడుకోబెడతాం మేము."

తూర్పున పక్కింటివాళ్ళ ఆవులపాక ఉంది. "పేడకుప్ప చూడ్డానికి కిటికీయా?" అన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. అదేదో నేను గెలిచాననుకున్నాను.

తలుపులకు, కిటికీలకు వాడింది ఆ కొండల్లో దొరికే పచ్చి గుగ్గిలం కర్ర. వానలకు ఉబ్బి మూతపడలేదు. చలికాలం వచ్చేసరికి ఎండిపోయి వేలు దూరేంత సందులు పడ్డాయి. పొగమంచు నేరుగా గదిలోకి వచ్చేది. ఆమె పాత చీరలు చింపి, గరిటె కాడతో ఆ సందుల్లో కుక్కేది. మధ్యమధ్య ఆగి, గోడ పట్టుకుని ఊపిరి పీల్చుకునేది.

రోజూ పొద్దున్నే కుర్చీ మోసుకుని బయటికి వెళ్ళి, ఆవులపాక పక్కన, మా తూర్పు గోడకే వీపు ఆనించి ఎండలో కూర్చునేది. గోడకు ఇవతల ఆమె మంచం. ఒక్క ఇటుక మందం అడ్డం. నా కళ్ళతో చూశాను. చూసి కూడా, "వేసవి రానీ, గోడ పగలగొట్టిద్దాం" అన్నాను.

"అలాగేలెండి" అంది.

ఆమెకు ఆ వేసవి రాలేదు.

సమాధి మట్టి ఆరకముందే ఆ వడ్రంగి ఇంటికి నేనే వెళ్ళాను. ఆమె పోయింది కిటికీ లేక కాదని డాక్టరు ఎన్ని చెప్పినా నా మనసు ఒప్పుకోలేదు, ఈరోజుకీ ఒప్పుకోదు. అతను వచ్చి తూర్పు గోడ ముందు నిలబడ్డాడు.

"ఎంత ఎత్తులో పెట్టాలి బాబూ?"

"పడుకున్న మనిషి గుండెల మీద ఎండ పడాలి" అన్నాను.

అతను ఖాళీ మంచం కేసి చూశాడు. వంగి, మంచానికి కొలత తీసుకున్నాడు.