నడుము కింద దెబ్బ

ప్లేఆఫ్‌లనే ఆఖరి పోటీలు మొదలయ్యాయంటే బ్రాన్‌వెల్‌లో మంచు మీద హాకీ ఆడేవాళ్లకి రెండే జబ్బులు. ఒకటి నడుము పైన దెబ్బ, రెండోది నడుము కింద దెబ్బ. దవడ పగిలినా, వేలు విరిగినా నడుము పైనే. మోకాలు జారినా, చీలమండ బెణికినా నడుము కిందే. అంతకు మించి ఒక్క ముక్క బయటికి పొక్కదు. దెబ్బ ఎక్కడుందో తెలిస్తే అవతలి జట్టువాళ్లు కర్రతో సరిగ్గా అక్కడే వాయిస్తారని భయం. ఆ భయంలో అర్థముంది, కాదనేవాళ్లు లేరు. కానీ ఏ దెబ్బా తగలని కుర్రాడికి దెబ్బ అంటగట్టి, ఊరంతటి చేతా వాణ్ని పరామర్శ చేయించడంలో ఏ అర్థముందో గార్త్ మెక్‌లీష్ లాంటి కోచ్‌లే చెప్పాలి.

ఆ కుర్రాడి పేరు డానిలో మెల్నిచుక్. పందొమ్మిదేళ్లవాడు. జట్టులో అందరూ మెల్నీ అంటారు. బ్రాన్‌వెల్‌కి కారులో రెండు గంటల దూరంలో, గోధుమా కనోలా పండించే ఇంట్లో ముగ్గురన్నల తరవాత పుట్టాడు. ఇంటి వెనక మడుగు గడ్డకట్టడం ఆలస్యం, నలుగురూ స్కేట్లు కట్టుకుని దాని మీదే ఉండేవాళ్లు. గోల్ కొట్టే సరదా అన్నలు పంచుకున్నారు, ఆపే చాకిరీ చిన్నవాడికి మిగిలింది. వాడూ దానికే అలవాటు పడ్డాడు. పెద్దయ్యాక డిఫెన్స్‌లోనే స్థిరపడ్డాడు. అందులోనూ పక్, అంటే ఆ రబ్బరు బిళ్ల, దొరకగానే ముందుకు పరిగెత్తి పేరు కొట్టేసే రకం కాదు, ఇంటి కాపలా రకం. తన గోల్ ముందు నిలబడి, వచ్చినవాణ్నల్లా మంచు చుట్టూ ఉండే గోడకు నెట్టి, పక్ తీసి పక్కవాడికిచ్చి ఊరుకుంటాడు. అలాంటివాడు బాగా ఆడిన రోజు ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు చప్పట్లు కొట్టేవాళ్లు ఏ ఊళ్లోనూ ఉండరు.

మొదటి ఏడు బ్రాన్‌వెల్ వాళ్లు వాణ్ని ఎంపికల్లోనే ఇంటికి పంపేశారు. రెండో ఏడు తీసుకున్నారు గానీ చాలా మ్యాచ్‌లు పైన జనంలోనే కూర్చోబెట్టారు. డిఫెన్స్‌లో ఆడేది ఆరుగురు. ఏడోవాడు కోటూ టై వేసుకుని, చేతిలో కాఫీ పట్టుకుని, తనకేమీ బాధ లేనట్టు మొహం పెట్టుకుని చూడాలి. ఆ మొహం పెట్టడం డానిలోకి చేతకాదు. ఈ ఏడు జనవరిలో బ్రెట్ హోమ్‌క్విస్ట్ భుజం జారి మూలపడితే, ఆ చోట్లో వీడు దిగాడు. దిగినవాడు మార్చి చివరిదాకా మళ్లీ పైకెక్కలేదు. జట్టు తిన్న గోల్స్ సగానికి తగ్గాయి. ప్లేఆఫ్ ఆడినవాడికి మరుసటి ఏడు చోటు ఖాయం, పైన కూర్చున్నవాణ్ని ఎండాకాలంలో ఏ ఊరి జట్టుకో మార్చేస్తారు. అందుకని ఆ ఆరింట్లో ఒకటి తనదనుకుని వాడు మొదటిసారి ధైర్యంగా నిద్రపోయాడు.

మొదటి పోటీ టిస్‌బరీ వాళ్లతో. ఏడు మ్యాచ్‌ల్లో నాలుగు గెలిచినవాళ్లు ముందుకెళతారు. తొలి రెండు మ్యాచ్‌లూ డానిలో ఆడాడు. ఒకటి గెలిచారు, ఒకటి పోయింది. ఆ మంగళవారం ప్రాక్టీసు అయ్యాక కోచ్ మెక్‌లీష్ వాణ్ని తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. తలుపు వేశాడంటేనే శుభవార్త కాదని ఆ గది సంగతి తెలిసినవాళ్లందరికీ తెలుసు.

"మెల్నీ, గురువారం బ్రెట్ ఆడుతున్నాడురా," అన్నాడు కోచ్.

"నేనేం తప్పు చేశాను కోచ్?"

"నువ్వేం చెయ్యలేదు. అదే నా తలనొప్పి."

తలనొప్పి ఏమిటంటే, బ్రెట్ వాళ్ల నాన్న లైల్ హోమ్‌క్విస్ట్ జట్టు కమిటీకి ప్రెసిడెంటు. కోచ్‌ని పెట్టేదీ తీసేదీ కమిటీయే. రెండు నెలలకు పైగా ఒక్క పొరపాటు చెయ్యనివాణ్ని తీసి ప్రెసిడెంటు కొడుకుని దింపితే ఊళ్లోవాళ్లు ఊరుకోరు, మార్కెట్లో కనపడ్డచోటల్లా నిలదీస్తారు. దానికి మెక్‌లీష్ ఒక ఉపాయం కనిపెట్టాడు. పత్రికవాళ్లకి వీడికి నడుము కింద దెబ్బ అని చెబుతాడు. ఊరి నోరు మూతపడుతుంది, టిస్‌బరీ వాళ్లూ తికమకపడతారు. ఒక్క దెబ్బకి రెండు పిట్టలన్నమాట. ఆ దెబ్బ ఎవరి కాలిదో వాడి కాలిది, ఆయనకేం పోయింది.

"దెబ్బ లేదుగా నాకు," అన్నాడు డానిలో.

"ఉంది. నేను చెప్పానుగా," అన్నాడు కోచ్.

తరవాత ఫిజియో అలమారా వెతికి, ఎప్పటిదో పాత కట్టుబూటు ఒకటి తెచ్చాడు. కాలు విరిగినవాళ్లు వేసుకునే నల్లటి లావుపాటి బూటు. అది ఎడమకాలిది. అందుకని దెబ్బ ఎడమ చీలమండకి తగిలింది. కుడికాలిది దొరికుంటే కుడికాలికి తగిలేది.

వాడు ఎందుకు ఒప్పుకున్నాడని అడగొచ్చు. ఆటగాళ్ల గదుల్లో పెరిగినవాళ్లు అడగరు. దెబ్బ సంగతి బయటపెట్టినవాడు జట్టుకి ద్రోహి, వాడికి ఆ గదిలో మంచినీళ్లు కూడా పుట్టవు. ఉన్న దెబ్బ చెప్పడమే అంత నేరమైతే, లేని దెబ్బ లేదని చెప్పడం ఇంకెంత నేరమో! పైగా మొండికేస్తే రేపు చోటు ఖాళీ అయినా పిలవరు. వాడి చోటు పట్టుకుని వాడి నోరే మూశారు.

వాడు ఆడెల్ ఫ్రీసెన్ గారింట్లో ఉండేవాడు. బయటి ఊళ్ల నుంచి వచ్చే ఆటగాళ్లని తలా ఒక ఇల్లు ఉంచుకోవడం అక్కడి పద్ధతి. ఆవిడ మెన్నొనైటులనే క్రైస్తవ శాఖ ఇంటి మనిషి, అరవై దాటిన విధవరాలు. ఇరవయ్యేళ్లుగా ఎందరో హాకీ కుర్రాళ్లకి వండిపెట్టింది, అందరూ టాంటా, అంటే అత్తా, అనే పిలుస్తారు. బూటుతో కుంటుతూ వచ్చిన వాణ్ని చూసి ఆవిడ గరిటె వదిలేసి పరిగెత్తుకొచ్చింది. సోఫాలో కూర్చోబెట్టి, కాలు దిండు మీద పెట్టించి, ఐస్‌గడ్డల మూట కట్టింది. శుభ్రంగా ఉన్న కాలు చల్లదనానికి తిమ్మిరెక్కి కొయ్యబారిపోయింది. "నొప్పి తెలుస్తోందా నాన్నా?" అంటే, తెలియడం లేదన్నాడు. ఆ ఇంట్లో ఆ రోజు వాడు చెప్పిన నిజం అదొక్కటే.

ఆదివారం చర్చిలో వాడి కాలు కోసం పేరు పెట్టి ప్రార్థన చేశారు. ఒకావిడ వెరెనికీలనే ఉడికించిన కజ్జికాయలూ, వాటి మీద పోసుకునే మీగడ గ్రేవీ తెచ్చింది, ఇంకొకావిడ పొలాల్లో చేసే, పొగబెట్టిన మాంసపు సాసేజి చుట్టలు చుట్టలుగా పంపింది. వాడు తినలేక తినలేక తిన్నాడు. పరాయి కాలికి వచ్చిన పరామర్శ మెతుకులు తింటున్నట్టు ఉండేది వాడికి. కాఫీ దుకాణం దగ్గర ట్రాక్టర్లు బాగుచేసే ముసలాయన, ఈ ఏడు మన డిఫెన్స్‌కి నువ్వే దిక్కనుకున్నాం, ఇలా అయిందేమిట్రా అని భుజం తట్టాడు. తిట్టినా పడేవాడేమో, ఆ తట్టడం మాత్రం భరించలేకపోయాడు. మెక్‌లీష్ మాత్రం అదే దుకాణంలో కూర్చుని, కుర్రాడు లేకపోవడం పెద్ద లోటేనండీ అని నిట్టూరుస్తూ కాఫీ తాగాడు. ఆ నిట్టూర్పుకి సిగ్గనేది ఉంటే కాఫీలోనే పడి చచ్చేది.

అంతకుముందు గురువారం జరిగిన మూడో మ్యాచ్ డానిలో పైనుంచి చూశాడు. బ్రెట్‌కి భుజం ఇంకా కుదరలేదు, చెయ్యి సగం వరకే లేస్తోంది. అది కనిపెట్టిన టిస్‌బరీ వాళ్లు అటువైపు నుంచే మూడు గోల్స్ కొట్టి గెలిచారు. నాలుగోది బ్రాన్‌వెల్ ఎలాగో గెలిచి లెక్క సరిచేసింది గానీ, చివర్లో బ్రెట్ గోడకి తగిలి భుజం పట్టుకుని లేచాడు. ఆట అయ్యాక బళ్లు ఆపే చోట బ్రెట్ వాడి కోసం కాచుకుని ఉన్నాడు.

"నేనడగలేదురా మెల్నీ. అంతా మా నాన్న పని."

"అడగలేదు సరే. వద్దని కూడా అనలేదుగా."

బ్రెట్ భుజం పట్టుకుని తన బండి వైపు నడిచాడు. 

ఐదో మ్యాచ్ రోజు పొద్దున్నే కోచ్ ఫోన్ చేసి, బూటు విప్పెయ్, ఇవాళ నువ్వే అన్నాడు. డానిలోకి సంతోషం రావాలి. వచ్చింది కూడా, కానీ దాని వెనకాలే భయమూ వచ్చింది. నా కాలికి ఏ దెబ్బా లేదని ఒక్కసారి పైకి చెప్పెయ్యండి కోచ్, లేకపోతే వాళ్లు ఈ కాలినే పట్టుకుంటారు అని బతిమాలాడు. ఇప్పుడు చెబితే ఇద్దరం అబద్ధాలకోరులమవుతాం అన్నాడు మెక్‌లీష్. పైగా, దెబ్బతోనే దిగుతున్నావని ఊరు మురిసిపోతుంది, నీకు పేరొస్తుంది పో అన్నాడు.

అన్నట్టే అయింది. వాడు మంచు మీద కాలు పెట్టగానే జనమంతా లేచి నిలబడ్డారు. జనవరి నుంచి మార్చి దాకా వాడు ఒళ్లు హూనం చేసుకుని ఆడినప్పుడు ఒక్కడూ లేవలేదు. ఇప్పుడు లేని దెబ్బకి లేచి ఈలలు వేశారు. వాడు తల దించుకుని రెండు చుట్లు తిరిగి, తన గోల్ ముందు వెళ్లి నిలబడ్డాడు.

టిస్‌బరీ వాళ్లు మొదటి నిమిషంలోనే పని మొదలుపెట్టారు. పక్ ఎటు పోయినా వాళ్ల కర్రలు మాత్రం వాడి ఎడమకాలి దగ్గరికే వచ్చేవి. మూల దగ్గర ఒకటి, గోల్ ముందు ఒకటి, ఆట ఆగాక వెళ్లిపోతూ వెళ్లిపోతూ ఇంకొకటి. స్కేటు మీద, స్కేటుకి కాస్త ఎగువన, మోకాలి కింద కట్టే షిన్‌ప్యాడ్ అందని సందులో. పదహారో నంబరువాడు పక్కన చేరి, కుంటోడా, ఎంతసేపు నిలబడతావో చూస్తాం అని నవ్వాడు. ప్లేఆఫ్‌ల్లో రిఫరీలు ఈల జేబులో పెట్టుకుంటారు, ఆ రోజు అసలు ఇంటిదగ్గరే మరిచిపోయి వచ్చినట్టున్నారు. వాడు ఒక్కణ్నీ తిరిగి కొట్టలేదు. కొడితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, ఆ రెండు నిమిషాలు గోల్ ముందు కాపలా ఎవరుంటారు? ఇన్నాళ్లకి దొరికిన చోటు, దాన్ని కోపానికి ఖర్చు పెట్టదలచుకోలేదు.

ఆఖరిదైన మూడో పీరియడ్ సగంలో పదహారో నంబరువాడు రెండు చేతులతో కర్ర ఎత్తి కొట్టాడు. కాల్లో ఏదో చిట్లడం డానిలోకి స్పష్టంగా తెలిసింది. బ్రాన్‌వెల్ ఒక్క గోల్ ఆధిక్యంలో ఉంది. వాడు బెంచి వైపు చూశాడు. కోచ్ చెయ్యి ఊపి, అక్కడే ఉండమన్నాడు. ఉన్నాడు. ఆఖర్లో టిస్‌బరీవాడు ఖాళీగా దొరికిన గోల్‌లోకి పక్ కొడుతుంటే, ఒంటికాలి మీద అడ్డంపడి ఛాతీతో ఆపాడు. బ్రాన్‌వెల్ గెలిచింది.

ఆటగాళ్ల గదిలో స్కేటు లేసులు కత్తెరతో కత్తిరించాల్సి వచ్చింది. చీలమండ అప్పటికే నల్లగా కమిలి లావెక్కిపోయింది. జట్టు డాక్టరు రెండు వేళ్లతో నొక్కి చూసి, ఎముక పోయింది, ఆసుపత్రికి పదండి అన్నాడు. మెక్‌లీష్ వచ్చి చెవి దగ్గర వంగి, బయట ఎవరికీ చెప్పకు, శుక్రవారం నువ్వు ఆడుతున్నావనే వాళ్లని అనుకోనీ అన్నాడు. వాడి కాలు ఎలా ఉందని మాత్రం అడగలేదు.

వాడి చేతులు తమ భుజాల మీద వేసుకుని ఇద్దరు వాణ్ని నడవాలోకి తెచ్చేసరికి అక్కడ ఊరి పత్రిక విలేకరి, లైల్ హోమ్‌క్విస్ట్, ఇంకో పదిమంది దాకా ఉన్నారు. ఆడెల్ ఫ్రీసెన్ వాళ్లందరినీ తోసుకుంటూ ముందుకొచ్చింది. వాడి కాలు చూసింది, కోచ్ వైపు తిరిగింది.

"మానని కాలితో వీణ్నెందుకు దింపావు గార్త్? నీకు పిల్లల్లేరా?"

మెక్‌లీష్ విలేకరి కలం వైపు ఒకసారి చూసి నవ్వాడు. "నేనేం చెయ్యను ఆడెల్? వద్దంటే వింటేగా. ఆడతానని కాళ్లావేళ్లా పడ్డాడు. కాలికేం కాలేదు, శుక్రవారం కూడా ఆడతాడు."

చోటు తీసేసినప్పుడు వాడు ఊరుకున్నాడు. బూటు తొడిగినప్పుడు ఊరుకున్నాడు. కొట్టినప్పుడూ ఊరుకున్నాడు. తన ఎముక విరగడం కూడా తన తప్పే అన్నాక వాడిలో ఏదో తెగిపోయింది. పట్టుకున్నవాళ్ల భుజాల మీంచి చేతులు తీసేసి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"టాంటా, ఈ కాలు ఇవాళ మంచు మీద దిగేదాకా శుభ్రంగా ఉంది. దెబ్బ ఎప్పుడూ తగల్లేదు. బ్రెట్‌ని ఆడించాలని కోచ్ కల్పించాడు, నేను నోరు మూసుకున్నాను. మీకు చెప్పనందుకు నన్ను క్షమించండి." తరవాత విలేకరి వైపు తిరిగాడు. "కొట్టింది టిస్‌బరీ వాళ్లు. ఎక్కడ కొట్టాలో చూపించింది మావాళ్లు. రాసుకోండి."

 లైల్ హోమ్‌క్విస్ట్ ఫోన్ తీసి ఏదో చూసుకోసాగాడు. మెక్‌లీష్ మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించి, ఇక ఈ జట్టులో నీకు చోటు లేదు, తెలుస్తోందా అన్నాడు.

"అది పోయిన మంగళవారమే పోయింది కోచ్," అన్నాడు డానిలో. "ఆరోజే నువ్వు పనికిరావు పొమ్మని మొహం మీద చెప్పుంటే, ఏడ్చుకుంటూ అయినా రెండు కాళ్ల మీద నడిచి పోయేవాణ్ని."

ఆడెల్ వాడి చెయ్యి తన భుజం మీద వేసుకుంది. ఆసుపత్రికి తన కారులోనే తీసుకెళ్లింది.