నూనె మరక

నగరిలో మరమగ్గాలు నడిపే లోకేశ్వరి ఇంట్లో బీరువా నిండా కొత్త చీరలే. ఏం లాభం? పక్కవీధి ఎస్తేరమ్మకు గుడిసెతోబాటు గుడ్డలన్నీ కాలిపోతే, మగ్గాలు తుడిచేదానికి తీసిపెట్టిన నూనె మరక చీర ఒకటి, పెద్ద దానం మాదిరి ఇచ్చొచ్చింది.

క్రిస్మస్ నాడు పొద్దున్నే ఎస్తేరమ్మ కేకు పట్టుకొని వచ్చింది. ఒంటిమీద ఆ చీరే. ఎంత ఉతికినా పోని మరకను కుచ్చిళ్లలోకి మడిచి కట్టింది.

"మంటలార్పిన సార్లకు కేకు ఇచ్చొద్దాం, నువ్వూ రాక్కా" అని చేయి పట్టుకొని ఫైర్ స్టేషనుకు పిల్చుకుపోయింది.

ఆడ అందరి ముందరా చెప్పింది: "సార్, మీరు మంటలార్పినారు. ఈయక్క నా మానం కాపాడింది."

ఫైరింజనోళ్లు లేచి లోకేశ్వరికి దండం పెట్టినారు. ఆమె తల ఎత్తలేదు. గాలికి ఎస్తేరమ్మ కుచ్చిళ్లు కదిలినప్పుడల్లా మరక కనపడతానే ఉన్నింది.