మే నెలలో ఉన్ని కోటు

నా చిన్నప్పుడు, ఒక మే నెల ఆదివారం, అజీజ్‌నగర్‌లోని ఒక ఫామ్‌హౌస్ వరండాలో ఉన్నవాళ్లు: మా చిన్నాయన, ఆయన పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెద్ద సారు, సారు స్నేహితులు నలుగురు, గేటు కాసే తాత, నేను. ఉన్నవి: ఇసుక పరిచిన పెద్ద బల్ల, దాని మీద సీసపు సిపాయిలు, ఒక భూతద్దం, రెండు కూలర్లు. కూలర్లు రెండూ కుర్చీల వైపే తిప్పి ఉన్నాయి.

సిపాయిలు మెక్సికో సైన్యానివి. బొమ్మలతో పాత యుద్ధాలు ఆడటం సారు సరదా. వాటికి రంగులు వేసేది మా చిన్నాయన. శనివారాలు చేవెళ్లలో మా మిద్దె మీద కూర్చుని వేసేవాడు. ఆరిన వాటిని కాలం ప్రకారం పేర్చడం నా పని. అందుకే ఆ వరస నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. పంతొమ్మిదో శతాబ్దం మొదటి భాగంలో ముదురు నీలం కోటు, ఎర్ర కాలరు, పొడుగు తోలు టోపీ. నడిమికి వచ్చేసరికి పటాలానికో రంగు కాలరు. ఫ్రెంచివాళ్లతో యుద్ధం దాటాక టోపీ పొట్టిదైంది, కోటు సాదాదైంది. పుస్తకంలో ఉన్నదానికి గుండీ రంగు తప్పినా సారు ఒప్పుకునేవాడు కాదు. భూతద్దం అందుకే.

ఆ ఆదివారం సారుకు కొత్త ముచ్చట పుట్టింది. గేటు తాతకు ఆ వరసలో మొదటి సిపాయి డ్రెస్సు కుట్టించాడు. అసలైన ఉన్ని, ఇత్తడి గుండీలు, బూట్లు. పక్క ఊరు హిమాయత్‌నగర్ నుంచి రోజూ ఆటోలో వచ్చే ముసలాయన ఆ ఎండలో మెట్ల దగ్గర నిలబడ్డాడు. స్నేహితుల్లో ఒకాయన ఫోటో తీస్తూ, "ఏం జనరల్ సాబ్, లడాయికి పోతున్నవా?" అన్నాడు. అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు.

నేను నీళ్లు తీసుకుపోతే తాగడానికి తల వంచాడు. అప్పుడు కాలరు కింద మెడ కనబడింది. చెమటకాయలు పగిలి, రసి కారి, గుడ్డకు అంటుకుపోయింది. ఎర్ర రంగు దిగి పుండ్లలోకి పోయింది. గ్లాసు మెట్టు మీద పెట్టేశాను.

"తీసెయ్ తాతా," అన్నాను.

"తీస్తె నౌకరి పోతది బిడ్డా."

పోయి చిన్నాయనకు చెప్పాను. ఆయన లేచి వచ్చి మెడ చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వెనక్కి పోయి కూర్చుని, భూతద్దం చేతిలోకి తీసుకుని, నొచ్చుకుంటున్నట్టు అన్నాడు: "సర్, ఒక తప్పు జరిగింది. ఎండల గీ కోటు వేసుకోరు. వేడిల తెల్ల కాన్వాసు బట్టలే. పుస్తకంల ఉన్నది."

అది నిజమే. సారు ముఖం మాడిపోయింది. మెడ సంగతి చెప్పి ఉంటే కుర్చీలోంచి కదిలేవాడు కాదు. తప్పు అనగానే లేచాడు.

"ముందే చెప్పాలె గదయ్యా, ఇంతమందిల ఇజ్జత్ పాయె! తీయించు. మరి బూట్లు? అవి గూడ తప్పేనా?"

చిన్నాయన మెట్ల వైపు చూశాడు. చాలామంది ఉత్త కాళ్లతో నడిచారని కూడా ఆ పుస్తకంలో ఉంది. నాకు చదివి వినిపించింది ఆయనే. మెట్ల బండలు కాలిపోతున్నాయి.

"తోలు చెప్పులు సర్," అన్నాడు.

కోటు విప్పుతుంటే కాలరుతో పాటు చర్మం లేచింది. సారు ముక్కు మూసుకుని, "జర పైలం, ఖరాబైతది," అన్నాడు. కోటు గురించి. తాత తన పాత తెల్ల ధోవతి కట్టుకుని, బనియను వేసుకుని, గేటు పక్కన విడిచిన తన చెప్పుల్లోనే కాళ్లు పెట్టుకున్నాడు. సారు ఎగాదిగా చూసి, "గిప్పుడు కరెక్టున్నది," అన్నాడు.

చిన్నాయన మొయినాబాద్ దాకా స్కూటర్ మీద పోయి మలాము తెచ్చి తాతకు ఇచ్చాడు. ఇంటికి పోయేటప్పుడు, సారును ఎందుకు తిట్టలేదని అడిగాను. "తిడితె నా కడుపు సల్లవడ్తది. కోటు ముసలాయన ఒంటి మీదనే ఉంటది," అన్నాడు.

నాకు ఆ రోజు సారు మీద కలిగిన అసహ్యం ఇన్నేళ్లకూ పోలేదు. ఇప్పుడు నేను చేసేది కూడా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగమే. ఏ ఆఫీసు గేటు దగ్గరైనా నా చూపు ముందు కాపలా మనిషి కాలరు మీదికి పోతుంది. ఆ ఆదివారం తర్వాతి వారం చిన్నాయన తెల్ల బట్టల సిపాయి ఒకదానికి రంగు వేసి నాకిచ్చాడు. మెడ చుట్టూ సన్నటి ఎర్ర గీత పెట్టాడు. అది నా బల్ల మీద ఉంది. ఎత్తు ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు.