సంత రోజు ఖాళీ అరుగు

అయితే తప్పంతా నాదేనా? ఇల్లు నెలల తరబడి అమ్ముడుపోకుండా పడి ఉన్నప్పుడు వీళ్లంతా ఎక్కడికెళ్లారు? ఫోన్లో ఫోటోలు పెట్టింది నేను. వచ్చిన ప్రతి కాల్‌కీ జవాబు చెప్పింది నేను. ఇప్పుడు లక్ష్మీపూర్‌లో బస్సు దిగితే చాలు, "అరుగు కడిగిన పిల్ల వచ్చింది" అని నవ్వుతారు.

ఆ ఇల్లు అమ్మమ్మ మా అమ్మకి రాసిచ్చింది. లక్ష్మీపూర్ సంత వీధిలో రెండు గదులు, ముందు పొడవాటి అరుగు. అమ్మ రాయగడలో ఒక అద్దె గదిలో కుట్టుమిషన్ పెట్టుకుంది. ఆ గది యజమాని గదిని అమ్మేస్తున్నాడు. దసరాలోపు మేం కొనకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తానన్నాడు. ఇల్లు అమ్మితేనే గది. నేను పిన్ని దగ్గర విశాఖలో పెరిగాను. అక్కడ ఫ్లాట్లు ఎలా అమ్ముతారో నాకు తెలుసు. రెండు వారాల్లో అమ్మిపెడతానని అమ్మకి మాటిచ్చాను.

ఫోటో తీద్దామని అమ్మతో వెళ్లిన రోజు సంత. అరుగు నిండా కొండ ఊళ్ల ఆడవాళ్లు. అల్లం బుట్టలు, గుమ్మడికాయలు. ఒక ముసలామె మా తలుపుకే వీపు ఆనించి చుట్ట కాలుస్తోంది.

"ఇలా ఉంటే ఎవడు కొంటాడమ్మా?"

"వాళ్లు మా అమ్మ నాటి నుంచి కూకుంటన్నారే అమ్మీ. నువ్వు నిన్న వచ్చేవు," అంది అమ్మ.

నాకు ఒళ్లు మండింది. ఫోన్ ముసలామె మొహం ముందు పెట్టి వీడియో తీస్తూ లేవమని అరిచాను. అందరూ లేచి ఎదురింటి అరుగు మీదకి వెళ్లిపోయారు. నేను ఫినాయిల్ పోసి కడిగి, మళ్లీ ఎక్కకుండా అడ్డంగా తాడు కట్టాను. ఫోటో మాత్రం అద్దంలా వచ్చింది.

కాల్స్ వచ్చాయి. కారు ఎక్కడ పెట్టుకోవాలని అడిగారు, ప్రశాంతంగా ఉంటుందా అని అడిగారు. వచ్చినవాళ్లు సంత గోల విని, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

చివరికి జయపురం నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. పార్వతీపురం వైపు మనిషి. కావాలనే సంత రోజు వచ్చాడు. ఇంట్లోకి అడుగు పెట్టకుండా వీధిలోనే నిలబడ్డాడు.

"ఎదురింటి అరుగు కిక్కిరిసిపోయింది. మీ అరుగు మీద ఒక్క మనిసీ నేదేటి?"

"నీట్‌గా ఉండాలని నేనే..."

"నీటు నాకెందుకమ్మీ? నేను కొట్టు పెట్టడానికి సూస్తన్నాను. మనిసి ఆగని సోట సరుకెవుడు కొంటాడు?"

వెళ్లిపోయాడు. రాయగడలో బస్సు దిగాక అమ్మ అంది: "మిషన్ ఎక్కడ ఎట్టుకోవాలో, నీ ఫోన్నే అడిగి సెప్పు."

ఆ మాట తట్టుకోలేక వ్యాపారికి ఫోన్ చేశాను. కట్ చేస్తే మళ్లీ చేశాను. "సరే, ఇంకొక్క సంత సూస్తాను," అన్నాడు. దసరాకి ముందు అదే ఆఖరి సంత.

ఆ రోజు తెల్లారేసరికి తాడు విప్పేశాను. ఎవరూ రాలేదు. మళ్లీ ఎదురింటి అరుగు మీదే బుట్టలు దించుకున్నారు. వీధి చివర టీ కొట్టు దగ్గర వ్యాపారి బండి ఆగింది. వెళ్లి ముసలామె ముందు నిలబడ్డాను. ఆమె నా వైపు చూడనైనా చూడకుండా అమ్మతో వాళ్ల కొండ భాష దేశియాలో ఏదో అంది. పక్కనున్నవాళ్లు గొల్లున నవ్వారు.

"ఏమంటోంది?"

"తాడు కట్టిన సేత్తోనే బుట్ట మొయ్యాలట. ఫోను పక్కనెట్టి."

తిట్టబోయి టీ కొట్టు వైపు చూశాను. అతను ఇటే చూస్తున్నాడు. ఫోన్ అమ్మ చేతిలో పెట్టి బుట్ట ఎత్తాను. అల్లం అంత బరువుంటుందని నాకు తెలీదు. వీధి దాటేసరికి మెడ విరిగినంత పనైంది. ముసలామె వెనకే వచ్చి మళ్లీ మా తలుపుకే వీపు ఆనించింది. ఒకరి తర్వాత ఒకరు మిగతావాళ్లూ లేచి వచ్చారు.

వ్యాపారి రెండు టీలు తాగేదాకా కదల్లేదు. తర్వాత వచ్చి అమ్మతో, "బయానా పట్టండి వొదినా," అన్నాడు.

గది అమ్మకి దక్కింది. మిషన్ అక్కడే నడుస్తోంది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకీ అమ్మ ఈ కథ చెబుతుంది, ఫినాయిల్ దగ్గర మరీ సాగదీసి. చెప్పుకోనివ్వండి. నేను మిమ్మల్నే అడుగుతున్నాను: అమ్మకానికి ఇంటి ఫోటో తీసే ముందు, గుమ్మంలో ఉన్న బుట్టలు పక్కకి తీయమని అరవనివాళ్లు మీలో ఒక్కరైనా ఉన్నారా?